క్రాసింగ్ మొదలైతే నా తరగతిలో బెంచీలు ఖాళీ అవుతున్నాయి. ఏం చేయాలి?

నడిగడ్డ టీచరమ్మ
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

నేను జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఏడో తరగతి క్లాస్ టీచర్ని. కృష్ణ, తుంగభద్ర నదుల నడుమ ఉంది కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఇక్కడ సీడు పత్తి బాగా వేస్తారు. రైతులు ప్యాకెట్లలో కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనం పుట్టేది ఇలాంటి చేలల్లోనే. ఆ విత్తనం రావాలంటే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి రుద్దాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. క్రాసింగ్ మొదలైందంటే మా బడికి పిల్లలు తగ్గిపోతారు.

నా తరగతిలో 31 మంది పేర్లున్నాయి. ఆగస్టు చివరి నుంచి ఏడుగురు రావట్లేదు. వాళ్లలో ఐదుగురు ఆడపిల్లలు. ఒక పిల్ల గురించి చెబుతాను. లెక్కల్లో మా క్లాసుకే ముందుంటుంది. భిన్నాల కూడిక బోర్డు మీద వేస్తే, నేను చాక్‌పీసు కింద పెట్టేలోపే జవాబు చెప్పేది. ఇప్పుడు వాన పడ్డ రోజు మాత్రమే బడికి వస్తోంది. పుప్పొడి తడిస్తే పనికిరాదు. ఆ రోజు క్రాసింగ్ ఉండదు, అందుకని పంపిస్తారు.

మొన్న గురువారం అలాగే వచ్చింది. నోట్సు రాస్తుంటే పెన్ను జారిపోతోంది. చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలి గోరు పొడుగ్గా పెంచి ఉంది, మొగ్గ చుట్టూ గీయడానికి. గోరు కింద పసరు ఇంకి నల్లబడింది. చూపుడువేలి కొస చర్మం పగిలి ఆ పగుళ్లలోకి కూడా పసరే దిగింది. "సబ్బుతో పోదు టీచర్" అంది, నేనేమీ అడగకముందే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి ఎండాకాలంలోనే సీడు ఆర్గనైజర్ దగ్గర, అంటే విత్తన కంపెనీకీ రైతులకూ మధ్యవర్తి దగ్గర, అడ్వాన్స్ తీసుకున్నాడట. "దసరా దాకా పోతే బాకీ తీరిపోతది మేడమ్, ఎన్కసిరి బడికి తోలిస్తం" అంటోంది వాళ్లమ్మ. పోయినేడు ఇంకో పిల్ల తల్లి నాతో ఇదే మాట అంది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఆ పిల్ల మళ్లీ రాలేదు.

ఇంకో సంగతి దాచుకోలేను. పోయినేడు ఆ పిల్ల పేరు నేను రిజిస్టరులో అలాగే ఉంచాను. చాలా రోజులు హాజరు కూడా వేశాను. పేరుంది కాబట్టి ఆమె బడిలో ఉన్నట్టే లెక్క. బడి బయటి పిల్లల జాబితా తయారైనప్పుడు ఆమె అందులోకి రాలేదు. ఎవరూ వెతకలేదు. ఆ తప్పు ఈసారి చేయదలుచుకోలేదు.

ఎవరికి చెప్పాలి? ఫిర్యాదు చేస్తే పిల్లకే ఏదైనా నష్టమా? తల్లిదండ్రులను జైల్లో పెడతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

మోడరేటర్
సోమవారం, రాత్రి 9:30

ఒక్క మాట. పిల్ల పేరు, ఊరు, బడి పేరు, ఫొటో ఎవరూ పెట్టవద్దు, టీచర్ గారిని అడగవద్దు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అలాంటి వివరాలు బయటపెట్టడం నేరం. చర్చ కొనసాగించండి.

పాత ఫైళ్లు
సోమవారం, రాత్రి 10:25

టీచర్ గారూ, నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీ భయాలన్నిటికీ ఒక్కొక్కటిగా చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని పనులనే నిషేధించింది. పొలం పని చాలావరకు బయటే ఉండిపోయింది. అప్పట్లో మేము చేలో పిల్లలను కళ్లతో చూసి కూడా కేసు రాయలేక తిరిగొచ్చేవాళ్లం. 2016లో చట్టం సవరించాక 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. చేను, హోటలు, ఇల్లు, ఏదైనా సరే. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో పెట్టినా రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా చేయించకూడదు. మొత్తం మీద రోజుకు ఆరు గంటలు దాటకూడదు, అందులోనే విరామం కూడా కలిసి ఉండాలి. మీ దగ్గర కూలీలను చేలకు తీసుకెళ్లే ఆటోలు ఎన్నింటికి బయలుదేరతాయో చూడండి. పదిహేనేళ్ల పిల్ల పొద్దున ఏడింటికి చేలో ఉన్నా అది ఉల్లంఘనే.

పనిలో పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష లేదు. కాబట్టి వాళ్లమ్మ గురించి మీరు భయపడవద్దు.

ఇక ఇబ్బంది ఎక్కడంటే, కుటుంబానికి సాయం చేసే పిల్లలకు చట్టం మినహాయింపు ఇచ్చింది. కుటుంబం అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులే అనుకోకండి. మేనత్త, మేనమామ, పెదనాన్న, చిన్నాన్న, పిన్ని, పెద్దమ్మ అందరూ వస్తారు. చేలోకి వెళ్లి అడిగితే ప్రతి రైతూ "మా అన్న బిడ్డ సార్" అంటాడు. పిల్ల కూడా అవునని తలూపుతుంది. నా సర్వీసులో ఈ ఒక్క మాటతో ఎన్ని తనిఖీలు వృథా అయ్యాయో చెప్పలేను.

కానీ ఆ మినహాయింపుకు ఒక షరతుంది. బడి వేళలు అయిపోయాకే, లేదా సెలవుల్లోనే, అదీ ప్రమాదం లేని పని మాత్రమే. బడి జరుగుతున్న రోజు పదకొండు గంటలకు పిల్ల చేలో ఉంటే సొంత పెదనాన్న చేనైనా మినహాయింపు వర్తించదు. ఆ రోజు ఆ వేళకు పిల్ల బడిలో లేదని ఎవరు చెప్పాలి? మీ హాజరు రిజిస్టరే చెప్పాలి. అధికారులు వచ్చినప్పుడు దాన్ని మించిన సాక్ష్యం ఉండదు. మీరు పోయినేడు జరిగింది ఇక్కడ ఒప్పుకున్నారు కాబట్టి చెబుతున్నాను. రాని రోజు గైర్హాజరు వేయండి, ఎంతమంది ఒత్తిడి చేసినా.

అడ్వాన్స్ బాకీ కింద పిల్లతో చాకిరీ చేయించడమంటే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి కూడా వస్తుంది. ఆ చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు. ఈ సంగతి తండ్రికి ఎవరైనా అర్థమయ్యేలా చెప్పాలి. చెల్లదని తెలిస్తే సగం భయం పోతుంది.

పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

చెరువుగట్టు
సోమవారం, రాత్రి 11:02

టీచర్ గారి బాధ నిజమే. కానీ నాకు ఒక విషయం మింగుడుపడదు. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు పిల్ల తెచ్చే కూలి ఆపేస్తే ఆ పూట వాళ్లు ఏం తింటారు? చట్టం రాసినవాళ్లకు ఆకలి తెలియదు. ముందు పేదరికం పోవాలి, అప్పుడు బాలకార్మికులు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. అది పోకుండా పిల్లలను చేలోంచి లాక్కొస్తే ఇంకెక్కడో కనబడకుండా పనిచేస్తారు. నేను తప్పయితే సరిదిద్దండి.

పలకా బలపం
మంగళవారం, ఉదయం 6:40

చెరువుగట్టు అన్నా, నీ మాట చిన్నప్పుడు మా ఊళ్లో పెద్దలందరూ అనేవాళ్లు. కోపంతో చెప్పట్లేదు. నా సంగతి విను.

మాది పాత రంగారెడ్డి జిల్లా. తొమ్మిదేళ్లప్పుడు నన్ను ఒక పెద్ద రైతు దగ్గర జీతానికి పెట్టారు. పెద్దక్క పెళ్లికి మా నాయన అప్పు చేశాడు, దానికి నేను జమ. పొద్దున పేడ తీయాలి, నీళ్లు తోడాలి, పశువులను తోలుకుపోవాలి, రాత్రి కొట్టంలోనే పడుకోవాలి. గుట్ట మీద పశువులు మేస్తుంటే కింద ఊళ్లో బడి గంట వినబడేది. మొదట్లో ఆ గంట వినగానే లేచి నిలబడేవాణ్ని. కొన్నాళ్లకు లేవడం మానేశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఆ మానేయడమే.

అప్పు సంగతికి వస్తా. మూడేళ్లు చేశాను. నా జీతం వడ్డీకే సరిపోయేది, అసలు అలాగే ఉండేది. మధ్యలో నాకు జ్వరమొచ్చి ఇరవై రోజులు పడుకుంటే ఆ రోజులు కూడా బాకీలో కలిపారు. పిల్లవాడు పని చేస్తే ఇల్లు నిలబడుతుందంటారే, మా ఇల్లు నిలబడలేదు.

తర్వాత మా ఊరికి వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు వచ్చారు. శాంతా సిన్హా మేడమ్ వాళ్ల సంస్థ. 1991 నుంచి మా జిల్లాలో ఈ పని మీదే తిరిగారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికుడే అన్నది వాళ్ల మొదటి మాట. కూలికి పోతున్నాడా, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుంటున్నాడా అన్న తేడా చూడలేదు. ఆ మాట వల్ల ఏమైందంటే, ఆడపిల్లలు లెక్కలోకి వచ్చారు. అప్పటిదాకా ఇంట్లో అంట్లు తోమి, పేడ ఎత్తి, పిల్లలను చూసుకునే మా చెల్లెళ్లను ఎవరూ కార్మికులు అనుకోలేదు.

వాళ్లు మా రైతుతో గొడవ పెట్టుకోలేదు. పంచాయతీ దగ్గర అందరి ముందు కూర్చోబెట్టి, "మీ పిల్లలు ఏ తరగతి చదువుతున్నారు?" అని అడిగారు. ఆయన చెప్పాడు. "ఈ అబ్బాయి వయసు కూడా అంతే కదా" అన్నారు. నలుగురిలో ఆయన ఇంకేమీ అనలేకపోయాడు. మూడోసారి మాట్లాడాక వదిలేశాడు.

నన్ను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు క్యాంపులో చేర్చారు. మొదటి వారంలోనే పారిపోయి వచ్చాను, మళ్లీ తీసుకెళ్లారు. పన్నెండేళ్లవాణ్ని ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి ఉంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. అక్కడ అందరూ నా ఈడువాళ్లే. పాటలు, కథలు, పేపర్లో హెడ్డింగులు చదివించడం. మూడు నెలలకు ఒకరోజు రోడ్డు మీద బస్సు ఆగితే దాని నొసటి మీదున్న ఊరి పేరు చదివాను. అది మా ఊరికి పోయే బస్సు. అప్పటిదాకా ఎవరినైనా అడిగి ఎక్కేవాణ్ని. ఆ తర్వాత ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష రాశాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను.

అన్నా, అసలు నీకు చెప్పాలనుకున్నది ఇది. మా ఊళ్లో నాతో పాటు పద్నాలుగు మంది పిల్లలు జీతాలు మానేశాక ఆ పశువుల దగ్గర పని ఆగిపోలేదు. పెద్దవాళ్లను పెట్టుకున్నారు. మా రైతు పెట్టుకుంది మా నాయననే. నాకిచ్చినదానికి మూడింతలు ఇవ్వాల్సి వచ్చింది. నేను చవగ్గా దొరికినన్నాళ్లూ మా నాయనకు పని దొరకలేదు.

చెరువుగట్టు
మంగళవారం, ఉదయం 7:55

అన్నా, రెండుసార్లు చదివాను. ఆ చివరి మాట నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఎర్రమట్టి రైతు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను కూడా సీడు పత్తి వేసేవాణ్నే, గద్వాల వైపే. నన్ను తిడతారేమో తెలియదు, అయినా లోపలి సంగతి తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ మధ్యాహ్నం నుంచే గుర్తుపట్టాలి. గోటితో మొగ్గ మొదట్లో చుట్టూ గీసి, రేకులూ కేసరాలూ ఒక్కసారిగా తిప్పి తీసేయాలి. మధ్యలో ఉన్న కీలం దెబ్బ తినకూడదు. తీసిన మొగ్గకు గుర్తు పెట్టాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలానికి పుప్పొడి రుద్దాలి. ఒక్క మొగ్గ వదిలేసినా అది తనంతట తానే కట్టి విత్తనంలో కల్తీ అవుతుంది. పరీక్షలో లాటు, అంటే ఆ విత్తనం మొత్తం, పోతే నా పెట్టుబడంతా పోయినట్టే. పువ్వు ఆదివారమని ఆగదు, పండగని ఆగదు. నా ఎకరాకు క్రాసింగ్ రోజుల్లో ఎనిమిది మంది, పది మంది కావాలి. రెండు నెలలపైనే.

టీచరమ్మ గారూ, మీకు ఇక్కడ ఒకటి తట్టాలి. మీ బడి గంట కొట్టే వేళకే మాకు పుప్పొడి రుద్దే పని. మీరు బడి వదిలేలోపే మొగ్గలు గిల్లే పని. ఈ పంట వేళలు, బడి వేళలు ఒకటే. సగం పూట బడికి, సగం పూట చేనుకు అన్నది ఎప్పటికీ కుదరదు. ఎవరైనా అలా చెబితే నమ్మకండి.

పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మొగ్గ చితకదు అని మేమంతా అంటాం. నేనూ అన్నాను. మూడేళ్లుగా పెద్ద ఆడవాళ్లతోనే చేయిస్తున్నాను. వాళ్ల చేతుల్లోనూ మొగ్గ చితకలేదు, లాటు కూడా పోలేదు. నిజం చెప్పాలంటే పిల్ల ఎదురు మాట్లాడదు. కూలి పెంచమనదు. నడుము నొప్పని కూర్చోదు. ఇంకో గంట ఉండమంటే ఉంటుంది. పిల్లలను పెట్టుకునేది అందుకు.

పెద్దవాళ్లను పెడితే ఖర్చు పెరిగింది, అబద్ధం చెప్పను. నా ఖర్చులో సగానికి దగ్గరగా కూలీలకే పోతుంది. ప్యాకెట్ ధర మాత్రం నా చేతిలో లేదు. కంపెనీ ఆర్గనైజర్‌కు చెబుతుంది, ఆర్గనైజర్ నాకు చెబుతాడు. పిల్లలను పెట్టకూడదని ఒప్పంద కాగితంలో రాసి సంతకం పెట్టించుకుంటారు. పెద్దల కూలి గిట్టేలా ధర మాత్రం ఇవ్వరు. చేలోకి వచ్చి పట్టుకుంటే పట్టుబడేది రైతు. పై వాళ్లను కూడా ఎవరైనా అడగాలి.

పాత ఫైళ్లు
మంగళవారం, మధ్యాహ్నం 2:05

రైతు గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు దండాలు. ఆర్గనైజర్ అడ్వాన్స్ ఇచ్చి పిల్లలను కుదిర్చితే అతను కూడా బాధ్యుడే. ఫిర్యాదులో అతని పేరు రాయాలి. రైతు పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే ప్రతి ఏడూ రైతులు మారతారు, అతను అలాగే ఉంటాడు.

పీహెచ్‌సీ సిస్టర్
మంగళవారం, రాత్రి 8:47

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను. పత్తి సీజనులో మా ఆసుపత్రికి పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లలు తలనొప్పి, వాంతులు, కళ్ల మంట, కళ్లు తిరగడం అని వస్తారు. "ఎండ దెబ్బ" అని చెబుతుంది వెంట వచ్చిన మేస్త్రీ. దగ్గరికి వెళితే బట్టలకు మందు వాసన.

పత్తి చెట్టు ఆ పిల్లల ఛాతీ దాకా, కొన్నిచోట్ల తల దాకా ఉంటుంది. పెద్దవాళ్లు పై నుంచి వంగితే, వీళ్లు ఆకుల్లోకి దూరిపోతారు. నిన్న కొట్టిన మందు ఆకు మీద ఉంటుంది. అది చేతులకు, మెడకు, మొహానికి రాసుకుంటుంది. అవే చేతులతో సద్దికూడు తింటారు. పిల్లల శరీర బరువు తక్కువ, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, ఊపిరి వేగంగా తీస్తారు. అంత మందే పెద్ద మనిషికి తలనొప్పి తెస్తే, పిల్లకు అంతకంటే చాలా ఎక్కువ చేస్తుంది. పత్తి పురుగుమందుల్లో ఎక్కువ భాగం నరాల మీద పనిచేసేవే. ఎదిగే వయసులో రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతుంటే ఏమవుతుందో ఆలోచించండి.

టీచర్ గారూ, ఆ పిల్లకు ఎప్పుడైనా చొంగ కారడం, కంటి పాప చిన్నదైపోవడం, చెమటలు పట్టడం, కండరాలు అదరడం కనబడితే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం మందు కొట్టారో ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి. డబ్బా మీద పేరు చూస్తే డాక్టరుకు వైద్యం తొందరగా మొదలుపెట్టడానికి వీలవుతుంది.

మార్కాపురం మనవరాలు
మంగళవారం, రాత్రి 9:15

మా అమ్మమ్మది మార్కాపురం. పలకలకు పేరున్న ఊరు. కేంద్ర ప్రభుత్వం 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమను, జగ్గంపేట పెంకుల పరిశ్రమను తీసుకున్నారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు పలకలకు చెక్క చట్రాలు బిగించేది. ఎన్ని పలకలు బిగించిందో లెక్కలేదు. ఒక్క దాని మీదా రాయలేదు. అరవై దాటాక నేను కూర్చోబెట్టి ఆమె పేరు రాయించాను. రాసి, చెరిపేయొద్దని పట్టుబట్టింది.

లెక్కల మనిషి
మంగళవారం, రాత్రి 10:30

ప్రపంచం మొత్తం చూస్తే, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారు. 5.4 కోట్ల మంది ప్రమాదకర పనుల్లో. 2000 సంవత్సరంలో మొత్తం 24.6 కోట్లు ఉండేవారు కాబట్టి తగ్గిన మాట నిజం. కానీ 2025కల్లా పూర్తిగా పోవాలన్నది ప్రపంచ దేశాలు పెట్టుకున్న గడువు. ఇందులో 61 శాతం వ్యవసాయంలోనే. బాలకార్మికులంటే మనకు హోటల్లో కప్పులు కడిగే కుర్రాడు గుర్తొస్తాడు. అసలు ఎక్కువమంది ఉన్నది చేలల్లో, ఎవరికీ కనబడని చోట.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు కోటి పైనే. అదే లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లా ప్రాంతం అక్షరాస్యత 50 శాతం లోపు. క్రాసింగ్ చేసే పిల్లలు, చదువు రాని పెద్దలు ఒకే చోట ఎక్కువగా ఉండటం ఊరికే జరగలేదు.

చార్మినార్ నీడ
బుధవారం, ఉదయం 11:10

హైదరాబాద్ పాతబస్తీ నుంచి. 2015 జనవరిలో గాజుల కార్ఖానాల మీద పోలీసులు దాడులు చేసి వందలమంది పిల్లలను బయటికి తెచ్చారు, గుర్తుండే ఉంటుంది. ఎక్కువమంది బీహార్ పిల్లలు. గాలి రాని గదుల్లో, రసాయనాల వాసన మధ్య, పొద్దుట్నుంచి రాత్రి దాకా లక్క గాజులకు రాళ్లు అద్దేవాళ్లు. ఇప్పటికీ జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని తనిఖీలు జరుగుతున్నాయి.

నేను అడగాలనుకున్నది ఒకటే. పట్టుకొచ్చాక ఏంటి? ఊరికి పంపిస్తే అదే ఏజెంటు మళ్లీ తీసుకురావచ్చు. టీచర్ గారు 1098కి ఫోన్ చేసే ముందే పిల్ల రేపు ఎక్కడ కూర్చుంటుంది, ఇంట్లో ఆమె చేసే పని ఎవరు చేస్తారు అన్నది తేల్చుకుంటే మంచిది.

నడిగడ్డ టీచరమ్మ
బుధవారం, రాత్రి 9:50

అందరూ ఇంత రాస్తారనుకోలేదు. చార్మినార్ నీడ గారు అడిగిన ప్రశ్న పట్టుకుని ఇవాళ మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో ఆమె చేసే పని ఏంటని అడిగితే అప్పుడు బయటపడింది. పిల్లకు ఒక తమ్ముడున్నాడు. క్రాసింగ్ లేని రోజుల్లో తల్లి కూలికి పోతే వాణ్ని చూసేది ఈ పిల్లే. అంటే చేను మాన్పించినా బడికి రావడం కష్టమే. నేను ఇన్నాళ్లూ అడ్వాన్స్ ఒక్కటే అడ్డం అనుకున్నాను.

వాడికి మూడేళ్లు నిండాయి. మా ఊరి అంగన్‌వాడీ టీచరును వెంటబెట్టుకుని వెళ్లి రేపటి నుంచి పంపమని చెప్పాం.

పలకా బలపం గారు చెప్పినట్టు సర్పంచ్ గారిని అడిగి శనివారం పంచాయతీ దగ్గర కూర్చుందామనుకుంటున్నాం. ఆర్గనైజర్ను కూడా పిలుస్తున్నారు. ఒప్పుకోకపోతే వెంటనే 1098, కార్మిక శాఖ, తహసీల్దార్ ముగ్గురికీ ఫిర్యాదు సిద్ధంగా పెట్టుకున్నాను. రిజిస్టరులో ఏడుగురి గైర్హాజరు రోజులు లెక్కబెట్టి వేరే కాగితం మీద రాశాను. ఒక్కో పేరు ఎదురుగా ఇరవై ఏడు, ముప్పై, ఇరవై నాలుగు అని రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

పాత ఫైళ్లు
గురువారం, ఉదయం 7:30

ఆ కాగితం మీద హెడ్మాస్టర్ సంతకం, తేదీ, స్టాంపు వేయించండి. ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో మానేసిన పిల్లలకు వయసుకు తగ్గ తరగతిలో చోటివ్వాలి, వెనకబడినవాళ్లకు ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. పోయినేడు పోయిన పిల్లకు కస్తూర్బా విద్యాలయంలో సీటు అడగండి. బడి మానేసిన ఆడపిల్లల కోసమే అవి పెట్టారు.

పీహెచ్‌సీ సిస్టర్
గురువారం, మధ్యాహ్నం 3:12

వేళ్ల పగుళ్లకు పసరు వదిలేదాకా రుద్దనివ్వకండి. గోరువెచ్చని నీళ్లు, కొబ్బరినూనె చాలు. గోరు మెల్లగా కత్తిరించండి.

నడిగడ్డ టీచరమ్మ
ఆదివారం, రాత్రి 8:20

నిన్న పంచాయతీ జరిగింది. మూడు గంటలు. ఆర్గనైజర్ మొదట "అన్నీ సొంత చేలే, సొంత పిల్లలే" అన్నాడు. నేను గైర్హాజరు కాగితం చదివాను. మా హెడ్మాస్టర్ గారు చట్టంలో షరతు చెప్పారు. పాత ఫైళ్లు గారి మాటలే దాదాపుగా. అడ్వాన్స్ సంగతి వచ్చినప్పుడు ఆ పిల్ల తండ్రి లేచి, "బాకీ నేను తీసుకున్నా, నేనే చేనుకొస్తా, బిడ్డ రాదు" అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగలడని నాకు తెలియదు. వెనక నుంచి ఇద్దరు ఆడవాళ్లు, పెద్దవాళ్ల కూలి ఇస్తే మేము వస్తాం అన్నారు. కూలి ఎంతన్నది ఇంకా తేలలేదు. ఎర్రమట్టి రైతు గారు చెప్పిన ధర గొడవ మళ్లీ అక్కడికే వచ్చింది.

ఏడుగురిలో నలుగురి తల్లిదండ్రులు సోమవారం నుంచి పంపిస్తామన్నారు. ఒకరు ఆలోచించి చెబుతామన్నారు. ఇద్దరు పిల్లలను పక్క మండలం చేలకు తీసుకెళ్లిపోయారని అక్కడే తెలిసింది. వాళ్ల గురించి రాత్రే 1098కి చెప్పాను. వివరాలు రాసుకున్నారు. పోయినేడు పోయిన పిల్ల ఇంటికి రేపు సాయంత్రం వెళ్తున్నాను. ఆమె తల్లికి మొహం చూపించడం నాకు కష్టమే, అయినా వెళ్తాను.

నడిగడ్డ టీచరమ్మ
సోమవారం, రాత్రి 7:05

ఇవాళ పొద్దున్నుంచి బాగా ఎండ కాసింది. వాన జాడే లేదు. బెల్లు కొట్టేసరికి ఆ పిల్ల రెండో బెంచీలో ఉంది. గోరు కత్తిరించుకుని వచ్చింది. నలుగురు వస్తామన్నవాళ్లలో ముగ్గురు వచ్చారు. నాలుగో అబ్బాయిని పొద్దున ఆటో ఎక్కించారట.

రేపు ఐదున్నరకే నేను, సర్పంచ్ గారు, ఇంకో ఇద్దరు టీచర్లం ఆటోలు ఆగే చోట నిలబడతాం.

పలకా బలపం
సోమవారం, రాత్రి 7:40

టీచరమ్మా, నేను కూడా వస్తా. ఆ అబ్బాయి నాయనతో నేను మాట్లాడతా. రాత్రి బస్సుకు బయలుదేరితే గద్వాలలో తెల్లవారుజామున దిగుతా. అక్కడి నుంచి మీ ఊరికి ఎలా రావాలి?

నడిగడ్డ టీచరమ్మ
సోమవారం, రాత్రి 7:48

ఆ వేళకు బస్సులుండవు అన్నా. బస్టాండు బయటే ఉండండి, మా ఆయన బండి తీసుకుని వస్తారు. మీకు ప్రైవేట్ మెసేజీలో నంబరు పెడుతున్నాను.